గేమింగ్ కంప్యూటర్‌కు ప్రాసెసర్ ఎంచుకోవడం ఎలా: గోదావరి జిల్లాల ఇళ్లకు సరిపోయే పద్ధతి

ఏటా ఇంజనీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎవరో ఒక తండ్రి, కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని, విడిభాగాల జాబితా రాసిన కాగితంతో మా ఇంటికి వస్తారు. "చదువుకీ పనికొస్తుంది, ఆటలూ ఆడుకుంటాడటండీ. ప్రాసెసర్ మాత్రం అన్నిటికన్నా పెద్దదే వేయించండి, మళ్లీ మళ్లీ కొనలేం కదండీ" అంటారు. కాగితం విప్పి చూస్తే మొదటి వరుసలో ఐ9 అనో రైజెన్ 9 అనో (ఇంటెల్, ఏఎండీ సంస్థల పెద్ద ప్రాసెసర్లు) ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు వరుసకు వచ్చేసరికి డబ్బు అయిపోయి, ఏదో చిన్న కార్డు పేరు కనబడుతుంది. ఆ జాబితాను కింది నుంచి పైకి చదవమని నేను వాళ్లకు చెబుతుంటాను. ఆటల కోసం కొనే యంత్రంలో ముందు మానిటర్, దాని తరువాత గ్రాఫిక్స్ కార్డు, ఆ రెండూ తేలిన తరువాతే ప్రాసెసర్ నిర్ణయం కావాలి.

ఈ వరుసకు కారణం ఉంది. తెర మీద ఒక్క ఫ్రేము, అంటే కదిలే దృశ్యంలో ఒక్క బొమ్మ, కనబడాలంటే రెండు పనులు జరగాలి. ఆడేవారు ఏ మీట నొక్కారు, ఎదుటివాడు ఎటు కదిలాడు, తూటా దేనికి తగిలింది, గోడ ఎలా కూలింది అన్న లెక్కలన్నీ కట్టి, గీయవలసిన వస్తువుల పట్టీని గ్రాఫిక్స్ కార్డుకు అందించడం ప్రాసెసర్ పని. ఆ పట్టీ ప్రకారం ఒక్కొక్క పిక్సెల్‌కు, అంటే తెర మీది చుక్కకు, రంగు వేయడం కార్డు పని. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. 144 ఫ్రేములకు 6.9, 240 ఫ్రేములకు 4.2 మిల్లీసెకన్లే ఉంటాయి. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేసినా ఫ్రేము ఆలస్యమవుతుంది. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలినా మన చేలోకి వచ్చేది బోదె తూము పట్టినంతే కదా, ఇదీ అంతే.

మానిటర్ రెజల్యూషన్, అంటే తెర మీది పిక్సెళ్ల సంఖ్య, పెరిగితే భారం దాదాపు అంతా కార్డు మీదే పడుతుంది. 1080పి తెరలో 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పి తెరలో 36.9 లక్షలు, 4కే తెరలో 82.9 లక్షలు ఉంటాయి. ప్రాసెసర్ కట్టే లెక్కలు మాత్రం మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. అందువల్ల హాల్లోని 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు చూపగల) 4కే టీవీకి కలిపి కథ ఉన్న పెద్ద ఆటలు ఆడుకునేవారికి మధ్యస్థాయి ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుంది. 1080పి, 240 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు ఆడేవారికి అందుకు పూర్తిగా భిన్నంగా ప్రాసెసరే ఫ్రేముల సంఖ్యను నిర్ణయిస్తుంది. మీ ఇంట్లో జరగబోయేది ఈ రెండింటిలో ఏదో తేలకుండా ఏ మోడల్ మంచిదని అడిగినా సరైన జవాబు దొరకదు.

ఇప్పటికే ఒక యంత్రం ఉండి, దానిలో ఏ భాగం మార్చాలో తెలియనివారు కొనే ముందు ఒక పరీక్ష తప్పక చేసుకోవాలి. భీమవరంలో ఉండే మా మేనల్లుడు గ్రాఫిక్స్ కార్డు పాతబడిందని, కొత్తది కొనిపెట్టమని పట్టుబట్టినప్పుడు నేను అదే చేశాను. ఫ్రేముల సంఖ్యకు పరిమితి విధించే సెట్టింగులను, వీసింక్‌ను (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ముందుగా ఆపివేసి, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో వినియోగం అంకెలు తెర మూలన కనబడేటట్టు పెట్టి, ఆటలో జనం, వాహనాలు కిక్కిరిసిన నగర వీధిలోకి వెళ్లమన్నాను. కార్డు వినియోగం 55, 60 శాతం మధ్య ఊగుతున్నది. 2017 నాటి ఆ ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ (విడివిడిగా లెక్కలు కట్టే భాగాలు) నూరు శాతానికి ఆనుకుని ఉన్నాయి. రెజల్యూషన్‌ను 1080పి నుంచి 720పికి దించినా ఫ్రేములు ఒక్కటీ పెరగలేదు. కార్డు పని సగానికి పైగా తగ్గినా ఫలితం మారలేదంటే ఆలస్యం ప్రాసెసర్ దగ్గరే జరుగుతున్నట్టు. కొత్త కార్డు కొని ఉంటే ఆ డబ్బంతా వృథా అయ్యేది. మీ యంత్రంలో రెజల్యూషన్ దించగానే ఫ్రేములు బాగా పెరిగితే మాత్రం ప్రాసెసర్ జోలికి వెళ్లకుండా కార్డు మార్చుకోండి.

ఈ పరీక్షలో ఒక పొరపాటుకు అవకాశం ఉంది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం వినియోగం 35 శాతమే అని కనబడితే అది ఖాళీగా ఉందని చాలామంది అనుకుంటారు. ఆటలోని ప్రధాన లెక్క తరచుగా ఒకే థ్రెడ్ (కోర్ నడిపే ఒక పని వరుస) మీద నడుస్తుంది కనుక, పన్నెండు థ్రెడ్లలో ఒక్కటి పూర్తిగా నిండి మిగిలినవి తీరికగా ఉన్నా ఆట వేగం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మొత్తం అంకెను కాక, ఒక్కో కోర్ అంకెను, దానితోపాటు కార్డు వినియోగాన్ని చూడాలి. అలాగే సగటు ఫ్రేముల సంఖ్య ఒక్కటే చూసి సంతృప్తి పడకూడదు. సమీక్షల్లో ఒక శాతం కనిష్ఠం అన్న పేరుతో ఇచ్చే అంకె, అతి నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల వేగాన్ని తెలుపుతుంది. ఆట మధ్యలో తెర తడబడినట్టు అనిపించడానికి మూలం అక్కడే ఉంటుంది. బలహీనమైన ప్రాసెసర్ ముందుగా దిగజార్చేది ఆ అంకెనే.

ఇక ఎన్ని కోర్లు అన్న ప్రశ్న. నేటి ఆటలకు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉంటే చాలు. ఎనిమిది కోర్లు ఉంటే ముందుచూపు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఎనిమిది కోర్ల ప్రాసెసర్లే ఉన్నందువల్ల పెద్ద ఆటల నిర్మాతలు ఆ హద్దును మనసులో పెట్టుకునే పని చేస్తారు. పన్నెండు, పదహారు కోర్లు వీడియో ఎడిటింగ్‌కు, త్రీడీ రెండరింగ్‌కు అక్కరకొస్తాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారింట్లో వాటికి న్యాయం జరుగుతుంది. ఆట ఒక్కటే పనైన చోట ఆ అదనపు డబ్బును కార్డుకు మళ్లించడమే సరైనది. పెట్టె మీద రాసిన గిగాహెర్ట్జ్ అంకెను రెండు వేర్వేరు తరాల మధ్య పోల్చడం కూడా తగదు, ఎందుకంటే కొత్త తరం కోర్ అదే గడియార వేగంలో ఎక్కువ పని చేస్తుంది.

కోర్ల కన్నా ఆటలకు ఎక్కువ మేలు చేసే గుణం క్యాష్ మెమరీ. దీన్ని నేను వంటింటి ఉదాహరణతో చెబుతుంటాను. పొయ్యి పక్కన పోపుల పెట్టె ఉంటే తాలింపు మాడకుండా చెయ్యి చాపితే ఆవాలు అందుతాయి. అటక మీది డబ్బా దించవలసి వస్తే ఈలోగా నూనె మాడిపోతుంది. ప్రాసెసర్ లోపలి ఎల్3 క్యాష్ పోపుల పెట్టె, ర్యామ్ అటక. ఆటల్లో ఏ సమాచారం ఎప్పుడు అవసరమవుతుందో ముందుగా ఊహించడం కష్టం కనుక, పెట్టె ఎంత పెద్దదైతే అటక ఎక్కే అవసరం అంత తగ్గుతుంది. ఏఎండీ సంస్థ 2022 ఏప్రిల్‌లో విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో మామూలు 32 ఎంబీ క్యాష్ మీద మరో పొర పేర్చి మొత్తం 96 ఎంబీ చేసింది. అంతకుముందు వచ్చిన 5800ఎక్స్ కన్నా దాని గడియార వేగం తక్కువే అయినా ఆటల్లో ముందుకు వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో 7800ఎక్స్3డీ, 2024 నవంబర్‌లో 9800ఎక్స్3డీ అదే దారిలో వచ్చాయి. చివరిదానిలో క్యాష్ పొరను కోర్ల కిందికి మార్చడం వల్ల కోర్ల వేడి నేరుగా కూలర్‌కు చేరుతుంది, అందువల్ల వేగాన్ని మరికొంత పెంచగలిగారు. ఫ్లైట్ సిమ్యులేటర్ వంటి ఆటల్లోనూ, ఎక్కువ ఫ్రేములు కోరే పోటీ ఆటల్లోనూ ఈ తేడా కంటికి కనబడుతుంది. మధ్యస్థాయి కార్డుతో 4కే తెర మీద ఆడేవారికి మాత్రం ఇది దాదాపు కనబడదని నిజాయితీగా చెప్పాలి.

ప్రాసెసర్ కొనడమంటే దాని సాకెట్‌ను (మదర్‌బోర్డు మీద అది కూర్చునే గూడు), మదర్‌బోర్డును, ర్యామ్ రకాన్ని కూడా కొనడమే. ఇంటెల్ 12, 13, 14 తరాలు ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చుంటాయి, బోర్డును బట్టి డీడీఆర్4 గాని డీడీఆర్5 గాని తీసుకుంటాయి. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకు ఎల్‌జీఏ 1851 అనే వేరే సాకెట్ కావాలి. ఆటల వరకు అవి 14వ తరాన్ని మించిన మెరుగేమీ చూపలేదు. ఏఎండీలో ఏఎం4 పాత సాకెట్, డీడీఆర్4తో పనిచేస్తుంది. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది. కనీసం 2027 వరకు దానికి కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. మళ్లీ మళ్లీ కొనలేమని చెప్పే ఇంటికి ఈ హామీ చాలా విలువైనది: ఈ ఏడు చిన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, మూడునాలుగేళ్ల తరువాత అదే బోర్డులో పెద్ద క్యాష్ ఉన్న ఎక్స్3డీ రకం వేసుకోవచ్చు. అయితే 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక, ఇంట్లో మంచి డీడీఆర్4 ర్యామ్ ఇదివరకే ఉన్నవారు దాన్ని వాడుకోగల పాత సాకెట్ వైపు మొగ్గినా తప్పులేదు.

పేరు చివరి అక్షరాలు చిన్నవిగా కనబడినా నిర్ణయాన్ని మార్చగలవు. ఇంటెల్‌లో కె అంటే ఓవర్‌క్లాకింగ్‌కు (వేగాన్ని మనమే పెంచుకోవడానికి) వీలున్నది, ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనిది. ఏఎండీలో జి అంటే లోపలి గ్రాఫిక్స్ బలంగా ఉన్నది. ఎఫ్ రకం కాస్త చవక కావడంతో అందరూ దానివైపే వెళతారు గాని, మన ప్రాంతానికి నేను ఒక మాట చెప్పదలచుకున్నాను. వారంటీ కింద గ్రాఫిక్స్ కార్డును పై ఊరి సర్వీస్ సెంటర్‌కు పంపితే అది తిరిగి వచ్చేదాకా ఎఫ్ రకం ప్రాసెసర్ ఉన్న యంత్రం తెర మీద ఏమీ చూపించలేదు, చదువు పనులు కూడా ఆగిపోతాయి. రైజెన్ 5 7600లో ఉన్న చిన్నపాటి గ్రాఫిక్స్ ఆటలకు పనికిరాకపోయినా ప్రాజెక్టు రిపోర్టు రాసుకోవడానికి, కార్డు చెడిందా బోర్డు చెడిందా తేల్చుకోవడానికి ఉపయోగపడుతుంది.

ఇప్పుడు మన ఎండల సంగతి. సమీక్షల్లో కనబడే ఉష్ణోగ్రతలు సాధారణంగా 21, 22 డిగ్రీల చల్లని గదిలో కొలిచినవి. గాలితో పనిచేసే ఏ కూలరైనా గది వేడి కన్నా కిందికి ప్రాసెసర్‌ను చల్లబరచలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో రాజమహేంద్రవరంలో బయట 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో 38 డిగ్రీలుంటే, సమీక్షలో 72 అని రాసినది మీ ఇంట్లో 88 అవుతుంది. రైజెన్ 5 7600కు హద్దు 95 డిగ్రీలు, 7800ఎక్స్3డీకి 89, ఇంటెల్ ఈ తరాలకు 100. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న వేగం వేసవి సెలవుల్లోనే మాయమవుతుంది. అందుకే తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ఫ్రేములిచ్చే ప్రాసెసర్లను మన గదులకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. కోర్ ఐ9-14900కె గరిష్ఠంగా 253 వాట్ల దాకా తీసుకోగలదు. 7800ఎక్స్3డీ రేటింగ్ 120 వాట్లు, ఆటల్లో అంతకన్నా తక్కువే వాడుతుంది. పెట్టెతో వచ్చే చిన్న కూలర్ 65 వాట్ల ప్రాసెసర్లకు చలికాలంలో సరిపోయినా, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ పెట్టుకోవడం మేలు. ఎక్స్3డీ, కె రకాలకు పెట్టెలో కూలర్ అసలు రాదు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది కనుక యంత్రాన్ని కిటికీ పక్కన ఉంచకండి.

విద్యుత్ సరఫరా కూడా ఈ లెక్కలోనిదే. చెరువుల ప్రాంతాల్లో రాత్రివేళ ఏరేటర్లన్నీ తిరుగుతున్నప్పుడు ఓల్టేజీ పడిపోయే ఊళ్లున్నాయి, పిల్లలు ఆడుకునేదీ ఆ వేళల్లోనే. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ఆట నడుస్తుండగా ప్రాసెసర్ 80, గ్రాఫిక్స్ కార్డు 200, మిగతా భాగాలు 50, మానిటర్ 30 వాట్లు తీసుకుంటే అప్పటికే 360 అయిపోతుంది. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ నిలబడలేదు. అటువంటి యంత్రానికి 1000 వీఏ రకం తీసుకోండి. ప్రాసెసర్ ఒక్కటే 200 వాట్లు దాటేదైతే యూపీఎస్, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), కూలర్ మూడింటి ఖర్చూ దానితోపాటు పెరుగుతుంది.

ఇంటెల్ 13, 14 తరాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అవసరానికి మించిన ఓల్టేజీ వల్ల, ముఖ్యంగా ఐ7, ఐ9 తరగతుల్లో, కొన్ని ప్రాసెసర్లు కాలక్రమంలో అస్థిరంగా మారుతున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఏడాదే సవరించిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ పనితీరును నడిపే లోపలి కోడ్) విడుదల చేసి, ఆ మోడళ్లకు వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొత్తది కొన్నవారు ముందుగా ఆ మైక్రోకోడ్ ఉన్న బయాస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుంటే సరిపోతుంది. ఇప్పటికే దెబ్బతిన్నదాన్ని మైక్రోకోడ్ బాగుచేయదు, అందువల్ల ఈ రెండు తరాల్లో పెద్ద ప్రాసెసర్లను సెకండ్‌హ్యాండ్‌లో కొనవద్దని నా సలహా.

ఇంతా చెప్పిన తరువాత పేర్లు చెప్పకపోతే న్యాయం కాదు. డబ్బు బిగువుగా ఉండి 1080పి మానిటర్ మీద ఆడేవారికి కోర్ ఐ5-12400ఎఫ్ గాని రైజెన్ 5 5600 గాని ఇప్పటికీ చక్కగా పనిచేస్తాయి. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఎక్కువ ఇళ్లకు నేను సూచించేది రైజెన్ 5 7600: 65 వాట్లు, ఏఎం5 సాకెట్, లోపల చిన్న గ్రాఫిక్స్, పెట్టెలోనే కూలర్. ఆటతోపాటు ఎడిటింగ్ కూడా గట్టిగా చేసేవారు, ఏసీ గది ఉన్నవారు, పద్నాలుగు కోర్ల కోర్ ఐ5-14600కె పరిశీలించవచ్చు. 240 హెర్ట్జ్ మానిటర్, దానికి తగిన పెద్ద కార్డు రెండూ ఇదివరకే సమకూరినవారికి మాత్రమే 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ. ఈ ఏడు కార్డు కొనే స్తోమత లేనివారికి రైజెన్ 5 8600జి మంచి మెట్టు. దాని లోపలి గ్రాఫిక్స్‌తో తేలికపాటి ఆటలు నడుస్తాయి. దానిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీయే కనుక, తరువాత పెద్ద కార్డు వేసినా అది 7600తో సమానంగా పరుగెత్తదని ముందే తెలుసుకుని కొనాలి.

కాకినాడలో కొన్నా, విజయవాడలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెప్పించినా సీలు ఉన్న పెట్టెనే అడగండి. పెట్టెతో వచ్చే ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ ఉంటుంది. ట్రే రకం అని విడిగా అమ్మే వాటికి ఆ వారంటీ వర్తించదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి.

బిగించేటప్పుడు ఒక్క చోట మాత్రం ఊపిరి బిగబట్టాలి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉంటాయి. ఏఎం5లోనూ ఇంటెల్‌లోనూ అవి సాకెట్‌లో, వెంట్రుకలంత సన్నగా, వేయికి పైగా వరుసలు తీరి ఉంటాయి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రిభుజం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, నొక్కకుండా, దాని బరువుకు అదే కూర్చునేటట్టు వదలాలి. మన ఉక్కపోతలో వంగి పనిచేస్తుంటే నుదుటి చెమట చుక్క సాకెట్‌లో పడే ప్రమాదం నిజంగా ఉంది. తలకు తుండు చుట్టుకుని, ఫ్యాన్ కింద, తెల్లవారుఝామున ఈ పని చేయండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు శనగగింజంత చాలు. కూలర్ అడుగున అంటించిన పల్చని ప్లాస్టిక్ పొరను తీయడం మరవకండి, తొంభై డిగ్రీలు చూపిస్తోందని నా దగ్గరకు తెచ్చిన యంత్రాల్లో ఆ పొర అలాగే ఉన్నవి ఒకటికన్నా ఎక్కువ.

మొదటిసారి వెలిగించాక మానిటర్ తీగ బోర్డుకు కాక కార్డుకు తగిలించి ఉందో లేదో చూడండి. ర్యామ్ రెండు స్టిక్కులుగా, బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలో ఉండాలి. బయాస్‌లో ఎక్స్‌పో గాని ఎక్స్ఎంపీ గాని (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగులు) ఆన్ చేయకపోతే 6000 వేగానికి కొన్న డీడీఆర్5 ర్యామ్ అంతకన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంటుంది. విండోస్ 11లో వాలరెంట్ ఆడేవారికి బయాస్‌లోని టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆన్‌లో ఉండాలి. డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటర్ తరచుగా 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది, దాన్ని మీ మానిటర్‌ను బట్టి 144కో 240కో మార్చండి. అప్పుడు మధ్యాహ్నం రెండు గంటల వేళ, మీరు మామూలుగా ఆడే ఆటను ఒక గంట ఆడి, ప్రాసెసర్ చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రతను, ఆనాటి గది వేడిని ఒక కాగితం మీద తేదీతో సహా రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. వచ్చే వేసవిలో అదే ఆటకు, అదే గది వేడికి, అంకె పది డిగ్రీలు పెరిగి కనబడితే ప్రాసెసర్ మార్చనక్కర లేదు. కూలర్ రెక్కల మధ్య దుమ్ము దులిపి, పేస్టు కొత్తగా వేయండి.